వంద ఎంబీపీఎస్ నెట్ ఉన్నా రాత్రి మ్యాచ్ ఎందుకు మసకబారుతుంది?

ప్రశ్న: మాది రాజమండ్రి. ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఉంది. స్పీడ్ టెస్ట్ పెడితే ఎప్పుడూ 90 పైనే చూపిస్తుంది. అయినా రాత్రిపూట టీవీలో మ్యాచ్ పెడితే బొమ్మ మసకబారుతుంది, ఒక్కోసారి గుండ్రం తిరుగుతూ ఆగిపోతుంది. అదే టీవీలో యూట్యూబ్ బాగానే వస్తుంది. 200 ప్లాన్‌కి మారమని సలహా ఇస్తున్నారు. మారితే పోతుందా?

సమాధానం:

ఇప్పుడే మారకండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ ఇబ్బందికీ ప్లాన్ స్పీడుకీ సంబంధం ఉండే అవకాశం చాలా తక్కువ. వీడియోని జనం ఇళ్లకు చేర్చే పనిలోనే చాలా ఏళ్లుగా ఉన్నాను. అందరూ అడిగే ప్రశ్న ఇది, అందరూ ముందుగా డబ్బు పోసేదీ ప్లాన్ మీదే. హెచ్‌డీ వీడియోకి 5 ఎంబీపీఎస్ చాలని, 4కే సినిమాకి 15 కావాలని నెట్‌ఫ్లిక్స్ తన వాడుకదారులకు చెబుతుంది. మ్యాచ్‌కి ఇంకాస్త ఎక్కువ వేసుకున్నా మీ దగ్గరున్న 90 దానికి ఎన్నో రెట్లు. కాబట్టి మీకు ఎంత వస్తోందన్నది కాదు, కావలసిన ఆ కాస్తా ప్రతి కొన్ని సెకన్లకీ తప్పకుండా అందుతోందా అన్నదే చూడాలి. స్పీడ్ టెస్ట్ ఆ సంగతి చెప్పదు.

ఎందుకో తెలియాలంటే వీడియో మీ టీవీకి ఎలా వస్తుందో చూడాలి. అది ఏకధాటిగా రాదు, చిన్న చిన్న ముక్కలుగా వస్తుంది. 2009లో ఆపిల్ తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్, 2012లో అంతర్జాతీయ ప్రమాణమైన డాష్, రెండూ ఇదే పద్ధతి. ఒక్కో ముక్క రెండు నుంచి పది సెకన్లు ఉంటుంది. ప్రతి ముక్కనీ నాలుగైదు నాణ్యతల్లో, అంటే తక్కువ నుంచి ఎక్కువకి 240పీ, 480పీ, 720పీ, 1080పీ ఇలా ముందే తయారుచేసి సర్వర్లో పెడతారు. ఏ ముక్క ఏ నాణ్యతలో తెచ్చుకోవాలో నిర్ణయించేది సర్వర్ కాదు, మీ టీవీలోని యాప్. కిందటి ముక్క ఎంతసేపట్లో వచ్చింది, చేతిలో ఇంకా ఎన్ని సెకన్ల వీడియో నిల్వ ఉంది, ఈ రెండూ చూసుకుని తర్వాతి ముక్కకి నాణ్యతలో మెట్టు ఎక్కుతుంది, లేదా దిగుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఆరు సెకన్ల ముక్క, 1080పీలో, 5 ఎంబీపీఎస్ (సెకనుకి 5 మెగాబిట్లు) చొప్పున అంటే 30 మెగాబిట్లు. మీ 90లో అది అర సెకను కూడా పట్టదు. కానీ ఏ కారణంచేతనో ఒక నిమిషం పాటు ఆ దారి 2 ఎంబీపీఎస్‌కి పడిపోయిందనుకోండి. అదే ముక్క రావడానికి 15 సెకన్లు పడుతుంది. ఆరు సెకన్ల బొమ్మ కోసం పదిహేను సెకన్లు, అంటే ఒక్కో ముక్కకీ నిల్వలోంచి తొమ్మిది సెకన్లు కరిగిపోతాయి. సినిమా చూస్తున్నప్పుడు యాప్ నిమిషం, రెండు నిమిషాల వీడియోని ముందే దాచుకుని ఉంటుంది కాబట్టి ఈ గండం మీకు తెలియకుండానే గడిచిపోతుంది. మ్యాచ్‌లో అలా కుదరదు. ఇంకా వేయని బంతిని ముందుగా దాచుకోలేరు కదా. లైవ్‌లో యాప్ చేతిలో ఉండేది సాధారణంగా పది, ఇరవై సెకన్ల నిల్వ. ఒక్క ముక్క ఆలస్యమైతే సగం పోతుంది, రెండోది కూడా ఆలస్యమైతే గుండ్రం తిరుగుతుంది. అంతవరకూ రాకుండా చూసుకోవాలని యాప్ వెంటనే 480పీకి దిగిపోతుంది. మీకు కనబడే మసక అదే. యూట్యూబ్ బాగా వచ్చి మ్యాచ్ రాకపోవడానికి సగం కారణం ఇక్కడే ఉంది. మీ నెట్ రెండిటికీ ఒకటే. యూట్యూబ్ వీడియోకి నిల్వ ఉంది, మ్యాచ్‌కి లేదు.

పక్కింట్లో డిష్ ఉంటే వికెట్ పడ్డ కేక మీకు ముందే వినబడుతుంది, చూసే ఉంటారు. ఆ ఆలస్యం తగ్గించాలని కంపెనీల మీద ఒత్తిడి ఉంది. ఆలస్యం తగ్గించడమంటే ఈ నిల్వని ఇంకా కోయడమే. బొమ్మ ఆగకూడదు, ఆలస్యం కూడా ఉండకూడదు అంటే రెండూ ఒకదానికొకటి అడ్డం. నా మట్టుకు నాకు అరనిమిషం వెనకబడినా ఆగని బొమ్మే నయం.

మిగతా సగం కారణం సర్వర్లు ఎక్కడున్నాయన్నది. యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ లాంటివాళ్లు తమ సర్వర్లని నెట్ కంపెనీల భవనాల్లోనే పెడతారు. జనం ఎక్కువగా చూస్తారనుకున్న సినిమాల్ని నెట్‌ఫ్లిక్స్ రద్దీలేని వేళల్లోనే ఆ సర్వర్లలోకి నింపేస్తుంది. మీరు రాత్రి తొమ్మిదింటికి సినిమా పెడితే అది అమెరికా నుంచి రాదు, మీ ఊరికి దగ్గర్లోని ఏదో ఒక పెట్టెలోంచి వస్తుంది. లైవ్‌ని ఇలా ముందుగా నింపి పెట్టుకునే వీల్లేదు. అంత అనుభవం ఉన్న నెట్‌ఫ్లిక్స్ కూడా 2024 నవంబర్ 15న మైక్ టైసన్, జేక్ పాల్ బాక్సింగ్ పోటీని లైవ్‌లో ఇస్తే, ఒకే సమయంలో 6.5 కోట్ల స్ట్రీములు నడిచాయి, బొమ్మ మసకబారిందని, ఆగిపోతోందని ప్రపంచమంతటి నుంచీ ఫిర్యాదులు వచ్చాయి.

మన దగ్గర క్రికెట్ రద్దీ ఇంకో రకం. 2019 ప్రపంచకప్ సెమీఫైనల్లో న్యూజీలాండ్ మీద మనవాళ్లు ఆడుతుంటే హాట్‌స్టార్‌లో ఒకేసారి 2.53 కోట్ల మంది ఉన్నారు. ధోనీ రనౌట్ అవగానే ఆ సంఖ్య కుప్పకూలింది. 2023 నవంబర్ 19న అహ్మదాబాద్ ఫైనల్‌కి ఒకేసారి 5.9 కోట్ల మంది. తలకి ఒక్క ఎంబీపీఎస్ వేసుకున్నా 59 టెరాబిట్లు, ప్రతి సెకనుకీ! అది కూడా మెల్లగా పెరగదు. ఛేజింగ్ రసపట్టులో పడగానే నిమిషాల్లో లక్షల మంది వచ్చి పడతారు. అన్ని ఏర్పాట్లూ చేసుకున్నా ఏదో ఒక ఊరి సర్వర్, ఏదో ఒక లింకు నిండిపోతుంది. అలాంటప్పుడు కంపెనీ తానే పై మెట్టు తీసేసి అందరికీ తక్కువ నాణ్యత ఇవ్వడం కూడా ఉంది. లాక్‌డౌన్ మొదట్లో, 2020 మార్చిలో, మన దేశంలోని పెద్ద స్ట్రీమింగ్ కంపెనీలన్నీ కలిసి మొబైల్ నెట్ మీద 480పీకి మించి ఇవ్వకూడదని ఏప్రిల్ 14 దాకా కట్టుబడ్డాయి. అదే నెలలో యూరప్‌లో నెట్‌ఫ్లిక్స్ తన వీడియో భారాన్ని పాతిక శాతం తగ్గించింది. ఇలాంటప్పుడు మీ ఇంట్లో ఏం చేసినా లాభం లేదు.

అయితే మీ విషయంలో రోజూ రాత్రి ఇదే జరుగుతోందంటే ఇంటి దగ్గర్లోనే వెతకాలి. ఇంటి బయట మొదట అనుమానించాల్సింది మీ ఆపరేటర్‌కి పైనుంచి నెట్ వచ్చే లింకుని. ఇంటికొచ్చే ఫైబర్ మీద అనవసరంగా పడకండి. మన ఊళ్లలో ఎక్కువగా వాడే జీపాన్ అనే ఫైబర్ పద్ధతిలో ఒక ఫైబర్ మీద దాదాపు 2.5 గిగాబిట్లు వస్తాయి. దాన్ని 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. 64 ఇళ్లూ ఒకేసారి గుంజినా ఇంటికి 39 ఎంబీపీఎస్ మిగులుతుంది. మ్యాచ్‌కి అది బోలెడు. ఇబ్బంది వచ్చేది ఆ పైన, మీ ఆపరేటర్ పెద్ద కంపెనీ దగ్గర కొనుక్కున్న లింకులో. వంద ఎంబీపీఎస్ చొప్పున వెయ్యి కనెక్షన్లు అమ్మినవాళ్లెవరూ లక్ష ఎంబీపీఎస్ కొనరు. అందరూ ఒకేసారి వాడరన్న లెక్క మీదే ఈ వ్యాపారం నడుస్తుంది, అందులో తప్పు లేదు. కానీ రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా, అందులోనూ మ్యాచ్ రోజున, ఆ లెక్క తప్పుతుంది. కొన్నిచోట్ల ఆపరేటర్ లోపలి సర్వర్ల నుంచి వచ్చే యూట్యూబ్‌కి ఒక దారి, బయటి నుంచి వచ్చే మిగతా వాటికి ఇంకో దారి ఉంటాయి. మొదటిది ఖాళీగా, రెండోది కిక్కిరిసి ఉండొచ్చు.

మరి స్పీడ్ టెస్ట్ 90 ఎలా చూపిస్తోంది? ఆ పరీక్ష మీకు బాగా దగ్గర్లో ఉన్న సర్వర్‌ని ఎంచుకుంటుంది, చాలాసార్లు అది మీ ఆపరేటర్‌దే అయి ఉంటుంది. ఒకేసారి చాలా కనెక్షన్లు తెరిచి, పది పదిహేను సెకన్లు గుంజి, వచ్చినదాని సగటు చెబుతుంది. మీ మ్యాచ్ వచ్చేది వేరే సర్వర్ నుంచి, వేరే దారిలో, ఎక్కువగా ఒకే కనెక్షన్ మీద. మధ్యలో మూడు సెకన్లు దారి మూసుకుపోయినా సగటులో కనబడదు. మ్యాచ్‌లో ఆ మూడు సెకన్లే కనబడతాయి.

ఇక ఇంటి లోపలికి వద్దాం. నా అనుభవంలో ఎక్కువ ఇళ్లలో దోషి వైఫైయే. రౌటర్ ఎక్కడ పెట్టారు? తీగ ఎక్కడికి వస్తే అక్కడ, అంటే వీధి గదిలో మూలన, అటక మీద, ఇనప బీరువా వెనక, లేదంటే టీవీ వెనకే పెట్టేస్తుంటారు. 2.4 గిగాహెర్ట్జ్ మీద ఒకదానికొకటి తగలకుండా పనిచేసే ఛానెళ్లు మూడే: 1, 6, 11. అపార్టుమెంట్లో ఇరవై రౌటర్లు ఆ మూడింటి మీదే మాట్లాడుతుంటాయి. వైఫైలో ఒక ఛానెల్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు ఆగాలి. వంటింట్లో మైక్రోవేవ్ ఆన్ చేస్తే అదీ ఆ పౌనఃపున్యంలోనే గోల చేస్తుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. దూరపు గదిలో సిగ్నల్ సరిగా అందని పాత ఫోన్ ఒక్కటి ఉన్నా, అది నెమ్మదిగా మాట్లాడుతూ ఎక్కువసేపు ఛానెల్‌ని పట్టుకుంటుంది. దానివల్ల టీవీకి వంతు తగ్గిపోతుంది. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ, గోల తక్కువ, కానీ మన ఇటుక గోడలు, స్లాబులు దాటేసరికి బాగా బలహీనపడుతుంది. టీవీ, రౌటర్ ఒకే గదిలో ఉంటే 5, లేకపోతే ల్యాన్ తీగ. టీవీ వెనక ల్యాన్ పోర్టు చాలావాటిలో 100 ఎంబీపీఎస్ మాత్రమే ఉంటుంది, దానికేం భయపడకండి, 4కేకి కూడా అది చాలు. తీగ లాగడం ఇంట్లో ఎవరికీ నచ్చదని తెలుసు. అయినా టీవీకి తీగ మించినది లేదనే చెబుతాను.

రెండోది మీరు ఊహించనిది, అప్‌లోడ్. రాత్రి అందరూ ఇంటికి చేరాక ఫోన్లు వైఫై పట్టుకుని ఆ రోజు తీసిన ఫొటోలు, వీడియోలు క్లౌడ్‌కి ఎక్కిస్తుంటాయి. ఎవరూ ఏమీ నొక్కక్కర్లేదు, వాటంతటవే వెళ్తాయి. మీ అప్‌లోడ్ నిండిపోతే రౌటర్ ఏం చేస్తుందంటే, పంపలేని డేటాని పారేయకుండా వరసలో నిలబెడుతుంది. ఆ వరస సెకను దాకా పెరుగుతుంది. మ్యాచ్ ముక్క వస్తున్నప్పుడు మీ టీవీ అవతలి సర్వర్‌కి "అందింది, అందింది" అని చిన్న చిన్న రసీదులు పంపాలి. అవీ ఈ వరసలోనే వెనక నిలబడతాయి. రసీదు ఆలస్యమైతే సర్వర్ దారి బాగోలేదనుకుని పంపడం తగ్గిస్తుంది. అంటే డౌన్‌లోడ్ ఖాళీగా ఉండగానే వీడియో పడిపోతుంది! జిమ్ గెటీస్ అనే ఇంజినీరు 2010 ప్రాంతంలో తన ఇంట్లోనే దీన్ని పట్టుకుని బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. 2012లో కేథ్లీన్ నికల్స్, వాన్ జేకబ్సన్ దీనికి కోడెల్ అనే విరుగుడు రాశారు. కొన్ని రౌటర్లలో స్మార్ట్ క్యూ, ఎస్‌క్యూఎం, క్యూఓఎస్ అనే పేర్లతో ఇలాంటి ఏర్పాటు ఉంటుంది. ఉంటే ఆన్ చేసి, అప్‌లోడ్ పరిమితిని మీకు నిజంగా వచ్చేదానికన్నా పదో వంతు తక్కువ పెట్టండి. లేకపోతే ఫోన్లలో ఫొటోల బ్యాకప్‌ని రాత్రి మ్యాచ్ అయ్యేదాకా ఆపండి.

ఇంతవరకూ దారి సంగతి. దారి పూర్తిగా బాగున్నా బొమ్మ బాగుండకపోవచ్చు, ఎందుకంటే నాణ్యత సగం బయల్దేరకముందే తేలిపోతుంది. 1080పీ బొమ్మలో 20 లక్షల 73 వేల చుక్కలుంటాయి. సెకనుకి 50 ఫ్రేముల మ్యాచ్‌ని కుదించకుండా పంపాలంటే దాదాపు 1,240 ఎంబీపీఎస్ కావాలి. మీకు వచ్చేది 6 అనుకుంటే, రెండు వందల్లో ఒక వంతు. మిగతాదంతా కోడెక్, అంటే వీడియోని కుదించే ప్రోగ్రాం, చేసే పని. ముందు ఫ్రేముకీ ఇప్పటి ఫ్రేముకీ మారినదాన్ని మాత్రమే రాసి, మారనిదాన్ని వదిలేస్తుంది. వార్తలు చదివే మనిషి బొమ్మలో మారేది తక్కువ, అందుకే తక్కువ బిట్లలోనూ చక్కగా ఉంటుంది.

క్రికెట్ దానికి పూర్తిగా ఎదురు. ఈసారి సిక్సర్ కొట్టినప్పుడు బంతిని కాదు, బొమ్మని చూడండి. బంతి వేసే ముందు కెమెరా కదలదు, పిచ్ మీద గడ్డి పోచలు కూడా తెలుస్తుంటాయి. బంతి గాల్లోకి లేవగానే కెమెరా దాని వెంట తిరుగుతుంది. ఆ అర సెకనులో ప్రతి చుక్కా మారిపోతుంది, వెనక స్టాండ్లలో వేలమంది చేతులూపుతున్న జనం. బిట్లు చాలవు. జనం గళ్లు గళ్లుగా, గడ్డి పచ్చరంగు పూసినట్టుగా అయిపోతుంది. కెమెరా ఆగాక ఒకటి రెండు సెకన్లలో, కొత్త కీఫ్రేమ్ (మొత్తం బొమ్మని మళ్లీ రాసే ఫ్రేము) రాగానే, గడ్డి మళ్లీ తేరుకుంటుంది. ఇలా కదలికలో మాత్రమే చెడి, ఆగగానే బాగుపడితే అది మీ నెట్ తప్పు కాదు, అవతల ఇచ్చిన బిట్‌రేట్ (సెకనుకి వాడే బిట్లు) తక్కువ. బొమ్మ కదలకుండా ఉన్నా మెత్తగా, మసగ్గా నిమిషాల తరబడి ఉంటే అప్పుడు యాప్ మెట్టు దిగిందని అర్థం. ఈ రెండు మసకల తేడా పట్టుకోవడం అలవాటైతే సగం రోగనిర్ధారణ ఇంట్లో కూర్చునే చేసేయొచ్చు.

సినిమాలకి ఇంకాస్త వెసులుబాటు ఉంది. లైవ్‌లో వీడియోని కుదించే ఎన్‌కోడర్‌కి ఆలోచించుకునే టైం లేదు, సినిమాని రెండు మూడు సార్లు చదువుకుని ఎక్కడ బిట్లు ఖర్చుపెట్టాలో తేల్చుకోవచ్చు. నెట్‌ఫ్లిక్స్ మొదట్లో ఏ సినిమాకైనా ఒకే కొలత వాడేది, కింది మెట్టు 235 కేబీపీఎస్, పై మెట్టు 5,800. 2015 చివర్లో దాన్ని వదిలి ఏ సినిమాకి ఆ సినిమా కొలత లెక్కకట్టడం మొదలుపెట్టింది. అయినా చీకటి సీన్లలో గోడ మీద, ఆకాశంలో చారలు చారలుగా కనబడుతుంటాయి. 8 బిట్ల వీడియోలో నలుపు నుంచి తెలుపు దాకా ఉన్నవి మహా అయితే 256 మెట్లే, చీకట్లో వాడుకునేవి అందులో కొన్నే. ఆ చారలకీ మీ వైఫైకీ సంబంధం లేదు. టీవీ వెలుతురు తగ్గించి చూడండి, కాస్త మెరుగు.

యూట్యూబ్‌లో పాత తెలుగు సినిమాల సంగతి అడిగేవాళ్లూ ఉంటారు కాబట్టి చెబుతున్నాను. పక్కన 4కే అని రాసి ఉన్నా బొమ్మ అలుక్కుపోయినట్టుంటే అది ఒకప్పటి టీవీ టేపునో, డీవీడీనో సాగదీసి ఎక్కించినది. డీవీడీలో ఉన్నవి మహా అయితే 576 గీతలే. కదిలేచోట అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు కనబడితే పాత ఇంటర్లేస్ (సరి, బేసి గీతల్ని వంతులవారీగా చూపే) వీడియోని సరిగా మార్చలేదని అర్థం. మంచి నెగెటివ్‌లు ఉండి కూడా సినిమాలు ఇలా చేరడం చూస్తే నాకు నిజంగా బాధ. మీరు గిగాబిట్ నెట్ పెట్టించుకున్నా అందులో లేనిది రాదు.

ఎప్పుడూ, ఏ వేళలోనూ 480పీ దాటకపోతే నెట్‌ని వదిలేసి ప్లాన్ చూడండి. నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాన్ లాంటివి 480పీకే పరిమితం. ఫోన్‌లో వైడ్‌వైన్ ఎల్3 (వీడియో కాపీ కాకుండా కాపాడే ఏర్పాటులో కింది స్థాయి) మాత్రమే ఉంటే కూడా చాలా యాప్‌లు హెచ్‌డీ ఇవ్వవు, అది రక్షణ నిబంధన. అమెరికాలో ఉన్న మనవాళ్లకి మరో చిక్కు. ఇంగ్లీషు సీరియల్ అక్కడి ప్రతి ఊరి సర్వర్లోనూ ఉంటుంది, మన సినిమా అడిగేవాళ్లు ఆ ఊళ్లో మీరొక్కరే అయితే అక్కడ ఉండదు. ముంబై దాకా వెళ్లి తేవాలి, రానూపోనూ 200 మిల్లీసెకన్లు దాటుతుంది. మొదటి నిమిషం మసగ్గా ఉండి తర్వాత తేరుకునేది అందుకే.

మొబైల్ నెట్ మీద చూసేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. సిగ్నల్ గీతలు టవర్ ఎంత గట్టిగా వినబడుతోందో చెబుతాయి, ఆ టవర్ మీద ఎంతమంది ఉన్నారో చెప్పవు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. మ్యాచ్ ఉన్న రాత్రి తొమ్మిదికి ఎక్కడైనా ఒక పొడవాటి ల్యాన్ తీగ సంపాదించి టీవీని నేరుగా రౌటర్‌కి కలిపి చూడండి. బాగుపడితే దోషం వైఫైది, ప్లాన్‌కి పెట్టే డబ్బు తీగకి పెట్టండి. బాగుపడకపోతే, ఇంట్లో అన్ని ఫోన్ల వైఫై ఓ పది నిమిషాలు ఆపండి. అప్పుడు బాగుపడితే అప్‌లోడ్ వరసే. అదీ కాకపోతే వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోన్ హాట్‌స్పాట్ మీద అదే మ్యాచ్ పెట్టండి. అది బాగుండి మీ ఫైబర్ బాగోకపోతే దోషం ఆపరేటర్‌కి పైనుంచి వచ్చే లింకుది. రెండూ బాగోకపోతే మ్యాచ్ ఇచ్చే యాప్ కంపెనీ వైపే ఇబ్బంది అయి ఉండొచ్చు, మీరు చేయగలిగేది లేదు.

లాప్‌టాప్ ఉంటే ఇంకా స్పష్టంగా తేలుతుంది. రెండు కమాండ్ కిటికీలు తెరిచి ఒకదాంట్లో మీ రౌటర్‌కి, చాలావాటిలో 192.168.1.1, రెండోదాంట్లో 8.8.8.8కి (గూగుల్ సర్వర్) పింగ్ పెట్టి వదిలేయండి. పింగ్ అంటే చిన్న సందేశం వెళ్లి తిరిగి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చూపే ఆదేశం. వైఫై మీద ఉన్నప్పుడు రౌటర్ పింగే 2 నుంచి 200కి ఎగురుతుంటే గొడవ ఇంట్లోనే. రౌటర్ నిలకడగా ఉండి రెండోది మాత్రమే ఎగురుతుంటే గొడవ బయట, లేదా ఇందాకటి అప్‌లోడ్ వరసలో. బొమ్మ మసకబారిన క్షణంలో ఏది ఎగిరిందో చూడండి.

ఆపరేటర్‌కి ఫోన్ చేసినప్పుడు నెట్ స్లోగా ఉందనకండి. మనిషి వచ్చి స్పీడ్ టెస్ట్ పెట్టి 90 చూపించి వెళ్లిపోతాడు. ల్యాన్ తీగ మీద ఉదయం తొమ్మిదికి తీసిన పింగ్ ఫొటో, రాత్రి తొమ్మిదికి తీసిన పింగ్ ఫొటో పక్కపక్కన పెట్టి పంపి, సాయంత్రం పూట మీ అప్‌లింక్ (పైనుంచి వచ్చే లింకు) నిండుతోందా, ఆ మ్యాచ్ యాప్ సర్వర్లకి వేరే దారి ఉందా అని అడగండి. అడిగే తీరు మారితే జవాబు చెప్పే మనిషి కూడా మారతాడు. పై పరీక్షల్లో ఏది ఎలా వచ్చిందో, మీ రౌటర్ మోడల్ ఏమిటో ఇక్కడ రాయండి. అందులో క్యూ సెట్టింగ్ ఎక్కడుందో చూసి చెబుతాను.